పాల సైకిలుకు చైను, ఫ్రీవీలు కొనేటప్పుడు

వేసవిలో ఒక సాయంత్రం మేము ఒక సంఘంలో కూర్చుని లెక్కలు చూస్తున్నాము. పాల సేకరణ ముగిసింది. డబ్బాలు లారీకి ఎక్కించే వేళకు, మూడు కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి పాలు తెచ్చే సభ్యుడు సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. రోజూ వచ్చే వేళకంటె రెండు గంటలు ఆలస్యం. క్యారియరుకు రెండు వైపులా రెండు డబ్బాలు, ఒకటి తనది, రెండవది వాళ్ళ అన్నగారిది. కాలువ గట్టు ఎక్కుతుండగా చైను తెగిందట. దారిలో రాతితో కొట్టి అతకాలని చూశాడు, కుదరలేదు. కార్యదర్శి రెండు డబ్బాల నుంచి కొద్ది కొద్దిగా పాలు తీసి పరీక్ష గొట్టాలలో మరిగించాడు. రెండూ విరిగాయి. తీసుకోనందుకు కార్యదర్శిని తప్పుపట్టే పని లేదు. ఆ పాలు కలిస్తే ఆ పూట ఊరి పాలన్నీ డెయిరీ గేటు దగ్గర వెనక్కు పంపే ప్రమాదం ఉంది. అయినా రెండు ఇళ్ళ పూట రాబడి పోయింది. తీసుకోనందుకు కాదు గాని, అన్నగారికి ఏమని చెప్పాలా అన్నదే ఆ సభ్యుడి దిగులు.

తెగిన చైనును మేము చేతిలోకి తీసుకుని చూశాము. కొని ఆరు నెలలైనా కాలేదు, మెరుపు ఇంకా పోలేదు. అంతకుముందు ఎవరో దాన్ని ఒక లింకు తగ్గించి, ఊడదీసిన పిన్నునే మేకుతో తిరిగి దిగకొట్టారు. తెగింది సరిగ్గా అక్కడే. సైకిలు భాగాల మంచి చెడ్డలు ఎలా చూడాలో మన సభ్యులకు రాయాలని అప్పుడే అనుకున్నాము. మోటారు బళ్ళు ఎన్ని వచ్చినా సైకిలు మీద పాలు తెచ్చేవారు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఈ నాలుగు మాటలు వారి కోసం.

ముందుగా ఒక లెక్క. 20 లీటర్ల డబ్బాలు రెండు నిండితే పాలే 41 కిలోలు. డబ్బాల బరువు కలిపితే 50 కిలోల దగ్గరకు వస్తుంది. ఆ బరువుతో గట్టు ఎక్కేటప్పుడు 60 కిలోల మనిషి పెడలు మీద నిలబడి తొక్కాడనుకోండి. క్రాంకు పొడవు ఆరున్నర అంగుళాలు. 44 పళ్ళ చైన్‌వీలులో మధ్య నుంచి చైను దాకా మూడున్నర అంగుళాలు. కాబట్టి చైనును లాగే బలం 60 కిలోలు కాదు, 110 కిలోల పైమాట. మన సైకిలు చైను అంతటి లాగుడును రోజుకు రెండు పూటలా భరిస్తుంది. ఊరికే బజారుకు వెళ్ళివచ్చే సైకిలుకు సరిపోయిన సరుకు పాల సైకిలుకు సరిపోతుందని అనుకోవడం అందుకే పొరపాటు.

చైను

చైనులో ఒక్కొక్క కీలు దగ్గర పిన్ను ఉంటుంది. దాని చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం, ఆ గొట్టం మీద తిరిగే రోలరు ఉంటాయి. ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ 1880లో ఈ విధమైన చైనుకు పేటెంటు పొందాడు. ఇప్పటికీ మన సైకిళ్ళకు వచ్చేది ఆ పద్ధతి చైనే. ఒక పిన్ను నడుమ నుంచి పక్క పిన్ను నడుమకు దూరం సరిగ్గా అర అంగుళం. ఈ అర అంగుళం తప్పనంత కాలం చైను, పళ్ళు ఒకదానితో ఒకటి కుదురుగా కలిసి నడుస్తాయి.

'చైను సాగింది' అని మనం అంటూ ఉంటాము. నిజానికి ఇనుము సాగదు. దుమ్ము, ఇసుక లోపలికి చేరి పిన్నునూ బుష్‌నూ అరగదీస్తాయి, ప్రతి కీలు దగ్గరా కొద్దిగా సందు పెరుగుతుంది. ఒక్క కీలు చూస్తే కంటికి ఆనదు. అన్నీ కలిస్తే మొత్తం పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగిన చైను పళ్ళ మొదట్లో కూర్చోక పైకి ఎక్కి, పళ్ళను కూడా అరగదీస్తుంది. అరిగిన చైను తానొక్కతే పోదు, ఫ్రీవీలునూ చైన్‌వీలునూ వెంట తీసుకుపోతుంది. మూడింటిలో కొద్ది ఖర్చుతో పోయేది చైనే. ఆ ఖర్చు వాయిదా వేసినవారు మిగతా రెండింటికీ చెల్లించుకోవడం మేము చాలాసార్లు చూశాము.

దీన్ని తెలుసుకోవడానికి ఒక అడుగు ఉక్కు స్కేలు చాలు. చైనును సైకిలు మీదనే బిగువుగా ఉంచి, ఒక పిన్ను నడుమ స్కేలు సున్న పెట్టండి. అక్కడి నుంచి 24వ పిన్ను నడుమ కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగితే చైను మార్చే రోజు వచ్చింది. అప్పుడే మారిస్తే పాత ఫ్రీవీలు మీద కొత్త చైను చక్కగా నడుస్తుంది. ఎనిమిదో వంతు జరిగేదాకా ఆగితే పళ్ళు కూడా పోయినట్టే. అప్పుడు కొత్త చైను ఒక్కటి వేసినా గట్టు దగ్గర జారుతుంది. షాపువాడు చెడ్డ చైను ఇచ్చాడని మనం తిట్టుకుంటాము గాని తప్పు చైనుది కాదు. పదహారో వంతు అంటే 1.6 మిల్లీమీటర్లు. 24 కీళ్ళకు పంచితే ఒక్కొక్క కీలు మిల్లీమీటరులో పదిహేనో వంతు అరిగిందన్న మాట. అంత సన్నని అరుగుదలకే ఇంత నష్టం.

ఇదే స్కేలును షాపుకు కూడా తీసుకువెళ్ళండి. కొత్త చైను మీద 24 పిన్నులు కొలిచి చూడండి. కొత్తదే గీత దాటి ఉంటే అది సగం అరిగిన చైనును కొన్నదానితో సమానం. షాపులో మొహమాటపడనక్కరలేదు. బట్ట కొంటే మూర వేసి చూసుకోమా!

తరువాత చేతితో చూడాలి. ప్రతి లింకునూ వేళ్ళ మధ్య వంచి చూస్తే ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. రోలర్లు వేలితో దొర్లిస్తే దొర్లాలి. రోలరు మీద సన్నని చీలిక గీత కనిపిస్తుందేమో చూడండి. రేకును చుట్టి చేసిన రోలరుకు ఆ గీత ఉంటుంది, అతుకు లేకుండా చేసినదానికి ఉండదు. బరువు మోసే సైకిలుకు అతుకు లేనిదే మేలు. పిన్ను కొసలు అన్నీ ఒకే ఎత్తులో, ఒకే తీరున నొక్కి ఉండాలి. వాటి చుట్టూ పలకలో పగులు గాని, పలకల అంచుల మీద గరుకు ముళ్ళు గాని ఉండరాదు. ఇంకొక పరీక్ష ఉంది. పిన్నులు నిలువుగా నిలబడేటట్టు చైనును పట్టుకుని రెండడుగుల మేర ముందుకు చాపండి. మంచి చైను కొద్దిగా వంగి ఆగుతుంది. కీళ్ళు వదులుగా ఉన్న చైను తోటకూర కాడలా వేలాడుతుంది. రెండు రకాలు పక్కపక్కన పట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

పేరు సంగతి. పెట్టె మీద పెద్ద కంపెనీ పేరు ఉండి, లోపలి చైను పలకల మీద ఏ పేరూ లేకపోతే అనుమానించాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు వేసి ఉంటే గుర్తు పైన ప్రమాణం సంఖ్య, కింద లైసెన్సు సంఖ్య రెండూ ఉండాలి. ఉత్త గుర్తు ఎవరైనా అచ్చు వేయవచ్చు.

అతుకు విషయంలో మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది. ఫ్యాక్టరీలో నొక్కిన పిన్నును ఊడదీసి మళ్ళీ కొడితే మొదటి పట్టు రాదు. చైను కలపడానికి క్లిప్పు ఉన్న లింకు విడిగా దొరుకుతుంది, దానినే వేయించండి. ఆ క్లిప్పుకు ఒక కొస మూసి, రెండవ కొస చీలి ఉంటుంది. చైను ముందుకు నడిచే దిక్కుకు మూసిన కొస ఉండాలి. తిరగవేస్తే దేనికైనా తగిలి క్లిప్పు ఎగిరిపోతుంది. మొదట చెప్పిన సభ్యుడి చైనుకు ఈ చిన్న లింకు వేసి ఉంటే ఆ పూట పాలు దక్కేవి.

ఫ్రీవీలు

44 పళ్ళ చైన్‌వీలు ఒక చుట్టు తిరిగితే 18 పళ్ళ ఫ్రీవీలు రెండున్నర చుట్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది. అంటే ఫ్రీవీలులోని ఒక్కొక్క పన్ను అంతకు అంత ఎక్కువసార్లు చైనుతో రాసుకుంటుంది. అందుకే అది ముందుగా అరుగుతుంది. అరిగిన పన్ను పులిగోరులాగా ఒక వైపుకు వంగి కనిపిస్తుంది.

ఫ్రీవీలు లోపల చిన్న ఇనుప నాలుకలు, వాటిని పైకి నెట్టే సన్నని స్ప్రింగులు ఉంటాయి. తొక్కినప్పుడు నాలుకలు పట్టుకుంటాయి, తొక్కడం ఆపితే టకటకమంటూ జారుతాయి. కొనేటప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వెనక్కు తిప్పండి. చప్పుడు స్పష్టంగా, ఒకే తాళంలో రావాలి. ఒక టక్కు గట్టిగా, ఒక టక్కు మెల్లగా వస్తే ఒక నాలుకకు స్ప్రింగు సరిగా లేదన్నమాట. ఒక్క నాలుక మీద నడిచే ఫ్రీవీలు ఖాళీ సైకిలుకు చాలా రోజులు నడవవచ్చు. 50 కిలోల పాలతో నిలబడి తొక్కేటప్పుడు అది జారితే పెడలు ఒక్కసారిగా ఖాళీగా తిరిగి, మనిషి ముందు రాడ్డు మీద పడతాడు. పాలు పోవడం అటుంచి, ఆ దెబ్బ చిన్నది కాదు.

లోపలి భాగాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పళ్ళ భాగాన్ని అటూ ఇటూ ఊపితే కొద్ది కదలిక ఉంటుంది, అది సహజమే. తిప్పినప్పుడు అలలాగా ఎక్కువ ఊగేదాన్ని పక్కన పెట్టండి. పళ్ళన్నీ ఒకే మందంలో, చిగుళ్ళు నున్నగా ఉన్నాయా చూడండి. హబ్బుకు ఎక్కించేటప్పుడు మొదటి చుట్లు చేతితోనే సులువుగా పట్టాలి. పట్టకపోతే రెంచీతో బలవంతం చేయనివ్వకండి, మర వంకరగా దిగి హబ్బు కూడా పాడవుతుంది.

గట్టిదనం మాటకు వస్తే, మంచి ఫ్రీవీలు పళ్ళకు కమ్మరి కొడవలికి పదును పెట్టినట్టు కాచి గట్టిదనం ఇస్తారు. గట్టి పన్ను మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తని పన్నును కొరుకుతుంది. కొత్త సరుకు మీద గీస్తే షాపువాడు ఒప్పుకోడు, ఒప్పుకోవాలని అడగడమూ న్యాయం కాదు. మీరు విప్పి పారేసే పాత ఫ్రీవీలు మీద, చైను తగలని పక్క భాగంలో గీసి చూడండి. అదే రకం మళ్ళీ కొనాలో వద్దో దానితో తెలిసిపోతుంది. కొందరు అయస్కాంతం తెచ్చి అంటించి చూస్తారు. మెత్తని ఇనుముకూ గట్టి ఉక్కుకూ అది ఒకేలా అంటుకుంటుంది, దానివల్ల ఏమీ తేలదు.

దారిలో ఎత్తులు ఎక్కువగా ఉన్నవారు 18 పళ్ళకు బదులు 20 పళ్ళది దొరికితే వేసుకోవడం మంచిది. వేగం కొంత తగ్గుతుంది గాని మోకాళ్ళకూ చైనుకూ భారం తగ్గుతుంది. చైనుకు ఒక లింకు కలపవలసి వస్తే పాత ముక్క అతకకుండా, మొదటే సరైన పొడవు చూసుకోండి.

చైన్‌వీలు, క్రాంకులు

మన షాపులకు వచ్చే సైకిలు భాగాలలో చాలా భాగం పంజాబులోని లూధియానా నుంచి వస్తాయి. అక్కడ మేలు రకం సరుకూ తయారవుతుంది, నాసిరకమూ తయారవుతుంది. రెండింటికీ ఒకే మెరుపు పూత వేస్తారు. కాబట్టి మెరుపు చూసి కొనవద్దు. పూత కింద గుంటలు, పళ్ళ మొదట్లో పొరలు లేచిన గుర్తులు ఉన్నాయేమో వెలుగులో పట్టి చూడండి.

కుడి క్రాంకును చైన్‌వీలులో నొక్కి బిగించి ఉంటారు. ఆ అతుకు దగ్గర రెంటినీ రెండు చేతులా పట్టుకుని మెలితిప్పితే వెంట్రుకవాసి కూడా కదలకూడదు. సైకిలుకు బిగించిన తరువాత మెల్లగా తిప్పుతూ, ఫ్రేము గొట్టానికీ పళ్ళకూ మధ్య సందు చూడండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే చైన్‌వీలు వంకర. చైను ఒకచోట బిగిసి, అర చుట్టు తిరిగాక వదులైతే చైన్‌వీలు గుండ్రంగా లేదు, లేదా నడుమ రంధ్రం నడుమ లేదు. బిగిసిన చోట సరిచేస్తే రెండో చోట చైను ఊడుతుంది, వదులైన చోట సరిచేస్తే మొదటి చోట తెగేలా లాగుతుంది. దీనికి మేస్త్రీ ఏ మందూ వేయలేడు. అదే రోజు తిరిగి ఇచ్చి మార్చుకోవాలి.

పాత చైన్‌వీలు ఇంకా పనికివస్తుందా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. దాని ముందు భాగాన చైనును వేలితో ముందుకు లాగండి. కొత్త చైను వేసి చూసినా పన్ను సగం బయటపడితే మార్చవలసిందే.

కాటరు పిన్ను

అన్నిటికంటె తక్కువ వెల గలది, అన్నిటికంటె ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇది. ఎడమ కాలితో తొక్కిన బలం ఎడమ కాటరు గుండా యాక్సిలుకు, అక్కడి నుంచి కుడి కాటరు గుండా చైన్‌వీలుకు చేరాలి. మెత్తని కాటరు నాలుగు రోజులలో నలిగి, ప్రతి చుట్టుకూ పాదం కింద 'టక్' మని కొడుతుంది. ఆ టక్కును అలాగే వదిలేస్తే క్రాంకు రంధ్రం, యాక్సిలు గాడి రెండూ దెబ్బతింటాయి. అప్పుడు కొత్త కాటరు కూడా నిలవదు. రూపాయలలో పోయేది వందలకు వస్తుంది.

కొనేటప్పుడు రెండు కాటర్లు ఒకే జత తీసుకోండి. చదును చేసిన వైపు నున్నగా, రెండింటికీ ఒకే వాలులో ఉండాలి. మర శుభ్రంగా ఉండి నట్టు చేతితో ఎక్కాలి. బిగించే పద్ధతిలో కూడా ఒక మాట ఉంది. నట్టు తిప్పి కాటరును లోపలికి లాగడానికి చూస్తే మర తెగుతుంది. క్రాంకు కింద బరువైన ఇనుప దిమ్మె ఆనించి, సుత్తితో కాటరును దిగకొట్టి, ఆ తరువాతనే నట్టు బిగించాలి. దిమ్మె ఆనించకుండా కొడితే ఆ దెబ్బ లోపలి బాల్సుకూ కప్పులకూ తగులుతుంది. కొత్త కాటరు వేసిన నాలుగైదు రోజులకు ఇంకొకసారి కొట్టి, నట్టు బిగింపు చూసుకోవాలి. ఒకటి పైనుంచి, ఒకటి కింద నుంచి వేస్తేనే పెడళ్ళు రెండూ ఎదురెదురుగా నిలుస్తాయి.

లోపలి బాల్సు పావు అంగుళానివి, సాధారణంగా వైపుకు 11 పడతాయి. ఒకటి రెండు పగిలితే వాటినే మార్చి పాతవాటితో కలపడం మన మేస్త్రీల అలవాటు. కొత్త బాలు అరిగినవాటికంటె లావుగా ఉండి బరువంతా తానే మోసి, మళ్ళీ పగులుతుంది. మారిస్తే అన్నీ మార్చాలి. యాక్సిలు మీద బాల్సు నడిచే దారి అద్దంలాగా ఉండాలి, గుంటలు పడితే కొత్త బాల్సు వేసినా ఎక్కువ కాలం రావు.

నూనె సంగతి కొంచెం చెప్పాలి. వంటనూనె పోయవద్దు, అది జిగురై దుమ్మును పట్టుకుంటుంది. మోటారు నుంచి తీసిన పాత నూనెలో మసి, ఇనుప రజను ఉంటాయి, అదీ పనికిరాదు. పలుచని మెషిను నూనె కీలుకు ఒక బొట్టు చొప్పున వేసి, పైన ఉన్నది గుడ్డతో తుడిచివేయాలి. తుడవకపోతే ఆ తడికే ఇసుక అంటుతుంది. ఫ్రీవీలులో చిక్కని గ్రీజు నింపితే నాలుకలు అతుక్కుపోయి పైకి లేవవు, దానికి కూడా పలుచని నూనెనే వాడాలి. పొలం దారిలో తిరిగే సైకిలుకు పూర్తి చైను కవరు వేయించుకుంటే చైను ఆయుష్షు బాగా పెరుగుతుంది. కిరసనాయిలుతో చైను కడిగే పని పాలు పితికే ముందు పెట్టుకోవద్దు. పాలు వాసన ఇట్టే పట్టుకుంటాయి, డబ్బా మూత మీద చేయి పడినా చాలు.

ఇక స్కేలు అందరి ఇళ్ళలో ఉండదు. సంఘం కార్యదర్శులకు మా మనవి ఏమిటంటే, పాల పరీక్ష సామాను పెట్టే బల్ల మీద ఒక అడుగు ఉక్కు స్కేలు కూడా ఉంచండి. బిల్లులు ఇచ్చే రోజున సభ్యులంతా సైకిళ్ళతోనే వస్తారు. పాసుపుస్తకం తీసుకునే లోపల చైను కొలవడానికి రెండు నిమిషాలు చాలు. కొలిచిన తేదీ, గీత దాటి ఎంత జరిగిందో ఆ పుస్తకం వెనుక అట్ట మీద రాసుకోవచ్చు.